వెంపలి వేరు మన్ను

"ఈ కవర్లో ఏముంది?"

"మన్ను సార్."

అలిపిరి మెట్ల దగ్గర సంచులు తనిఖీ చేసే మనిషి కవరు పైకెత్తి మరోసారి చూశాడు. కొండకు నడిచి వెళ్లేవాళ్ల సంచుల్లో ముడుపు మూటలుంటాయి, కొబ్బరికాయలుంటాయి, మోకాళ్ల నొప్పుల మాత్రలుంటాయి. మన్ను ఎవరూ మోసుకు రారు. అందులోనూ సన్నటి వేళ్లూ, గులకరాళ్లూ కలిసిన అరకిలో ఎర్రమట్టి.

"మన్ను తీసుకుపో పెద్దాయనా, ఎవరొద్దన్నారు? ఈ ప్లాస్టిక్ కవరు మాత్రం పైకి పోదు."

పెద్దాయన కూతురి వైపు చూశాడు. తడి ఆరిపోకుండా కవర్లో కట్టి తెమ్మన్నది ఆ పిల్లే. భుజం మీది తువ్వాలు తీసి మెట్టు మీద పరిచి మన్నంతా అందులో పోసి ముడివేశాడు. చూసేవాళ్లకు అదీ ముడుపు మూటలాగే కనిపించింది.

ఆయనది పలమనేరు వైపు పల్లె. మూడెకరాల మెట్ట. వేసేది రాగి, మధ్యమధ్య సాళ్లలో అనపా కందీ. ఒకప్పుడు బోరుండేది, ఇప్పుడు దాని కేసింగు పైపు మాత్రం ఉంది. కూతురు తిరుపతిలో వ్యవసాయ శాస్త్రం పీజీ చదువుతోంది. ఆమె ఎంచుకున్న విభాగం నేలలోని సూక్ష్మజీవులు. ఇంట్లోవాళ్లకు అది పురుగుల చదువు. కొండకు నడిచి వస్తానని ఆయన మొక్కుకున్న సంగతి తెలిసి, వారం ముందు ఫోన్ చేసింది.

"నాయినా, మన గెనిమ మీద వెంపలి చెట్లుంటాయి కదా. ఎండాకాలంలో గడ్డంతా మాడినా అవి పచ్చగా ఉంటాయే, అవి. ఒకటి వేరుతో సహా తవ్వి, ఆ వేరుకంటుకున్న మన్ను తీసకరా."

వాళ్లమ్మ పక్కనుంచి విని నవ్వింది. "ఇంత దుడ్డు పోసి చదివిస్తే ఇది మన్ను అడగతా ఉండాది."

ఆ మన్ను వెనక ఒక ఎడారి కథ ఉంది. సౌదీ అరేబియాలో ఎర్రసముద్రం ఒడ్డున తువల్ అనే ఊళ్లో కింగ్ అబ్దుల్లా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. 2009లో మొదలైంది. అక్కడ హెరిబెర్ట్ హిర్ట్ అనే శాస్త్రవేత్త బృందానికి ఒక ఆలోచన వచ్చింది. నీళ్లు లేని ఇసుకలో, నిప్పులు చెరిగే ఎండలో కొన్ని మొక్కలు బతుకుతూనే ఉన్నాయి. అవి ఒంటరిగానే బతుకుతున్నాయా, వేళ్ల దగ్గర ఎవరి సాయమైనా ఉందా? ఆ దేశపు నైరుతి మూల జిజాన్ ప్రాంతం ఎడారి నుంచి మొక్కలు తెచ్చి వేళ్లలోని బ్యాక్టీరియాను వేరుచేశారు. వాటిలో ఒకదానికి ఎస్ఏ187 అని పేరు పెట్టారు. అది దొరికింది ఇండిగోఫెరా అర్జెంటియా అనే చిన్న మొక్క వేరుబుడిపెల్లో. పేరు కొత్తగా ఉన్నా మనకు బొత్తిగా పరాయిది కాదు. రాయలసీమ రైతులు ఒకప్పుడు రంగు కోసం సాగుచేసిన నీలిమందు చెట్టుకు అది దాయాది. వెంపలి కూడా అలాగే కాయలు కాసే, వేళ్లకు బుడిపెలు కట్టే జాతిదే. అందుకే ఆ పిల్ల కన్ను గెనిమ మీది వెంపలి మీద పడింది.

ఎస్ఏ187 ఏం చేస్తుందో 2018లో ఆ బృందం ప్రకటించింది. ఉప్పునీరు పెట్టిన పొలంలో పెంచిన లూసర్న్ గడ్డికి దీన్ని పట్టిస్తే దిగుబడి పెరిగింది. అది వేరులోపలికి చేరి ఒక పదార్థాన్ని వదులుతుంది. మొక్క దాన్నుంచి ఇథిలీన్ తయారుచేసుకుంటుంది. ఇథిలీన్ అంటే అరటిగెలను మగ్గబెట్టే వాయువే. కష్టం వచ్చినప్పుడు మొక్క లోపల కబురు మోసేదీ అదే. 2021లో వచ్చిన మరో పరిశోధన వేడి సంగతి చూసింది. ఎండదెబ్బకు తట్టుకునే జన్యువులు మొక్కలో ముందే ఉంటాయి. అవసరమైనప్పుడు వెతుక్కుని తెరవడానికి సమయం పడుతుంది. ఈ బ్యాక్టీరియా వేరులో ఉంటే ఆ జన్యువుల దగ్గర ముందే గుర్తులు పడి ఉంటాయి. పుస్తకంలో కావలసిన పేజీ మడిచి పెట్టుకున్నట్టు. ఆ పరీక్ష గోధుమ మీద ప్రయోగశాలలోనే కాదు, ఆరుబయట పొలంలోనూ చేశారు. పైరు వేడిని మెరుగ్గా తట్టుకుంది.

గాలిగోపురం దాకా మెట్లు నిట్టనిలువు కాబట్టి అక్కడివరకూ తండ్రీకూతుళ్ల మధ్య మాటలు తక్కువే. పక్కన ఎవరో ఇల్లాలు మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కుతోంది. మొత్తం 3550 మెట్లు. గోపురం దగ్గర కూర్చుని ఊపిరి తీసుకున్నాక ఆయన మూట పక్కన పెట్టి అడిగాడు.

"ఆ యెడారి పురుగునే తెచ్చి మన రాగికి పట్టిస్తే సరిపోదా? మళ్లా ఈ మన్నెందుకు?"

"యాడిదో పురుగు మన నేలలో నిలస్తాదో లేదో నాయినా. ఈడ ముందునించీ ఉండేటివి దాన్ని బతకనిస్తాయో లేదో. మన ఎండకు, మన వానకు అలవాటు పడినేటివి మన గెనిమ మీదనే ఉంటాయి కదా."

ఆ మాట ఆ పిల్ల కొత్తగా కనిపెట్టింది కాదు. తెలుగు నేల మీద ఈ పని చాలా కాలంగా జరుగుతోంది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. అందరూ క్రీడా అంటారు. 2009లో అక్కడి శాస్త్రవేత్తలు మెట్టనేలల్లో కంది వేరు దగ్గర దొరికిన ఒక సూడోమోనాస్ బ్యాక్టీరియాను జొన్న మొలకలకు పట్టించి, బాగా వేడిలో పెంచారు. పట్టించని మొలకలతో పోలిస్తే వీటి ఆకుల్లో పచ్చదనం, చక్కెరలు మెరుగ్గా ఉన్నాయి. కణాల పొరలు తక్కువ దెబ్బతిన్నాయి. కంది వేరు దగ్గరిది జొన్నకు ఆసరా అయిందన్నమాట. కందినీ జొన్ననూ ఒకే చేలో సాళ్లుగా వేసిన మన తాతలకు ఈ సంగతి తెలుసని గొప్పలు పోనక్కర్లేదు. వాళ్లు చూసింది వేరే లాభాలు. ఒకటి పోయినా ఇంకొకటి దక్కుతుందన్న లెక్క. కానీ ఆ రెండింటి వేళ్లూ ఒకే మట్టిలో పక్కపక్కనే పెరిగిన మాట మాత్రం నిజం.

అదే ఏడాది అదే సంస్థ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. మరో సూడోమోనాస్ తన చుట్టూ జిగురు కట్టుకుంటుంది. పొద్దుతిరుగుడు మొలకల మీద పరీక్షిస్తే వేరుకు పట్టుకునే మట్టి పెరిగింది, నీళ్లు తగ్గినా మొలకలు తట్టుకున్నాయి. తర్వాతి ఏడు మొక్కజొన్న మీదా ఇలాంటి బ్యాక్టీరియాను పరీక్షించారు. జిగురు చేసే పని అర్థంకావాలంటే రాగిజావ కాచిన గిన్నె చూస్తే చాలు. నీళ్లతో కడిగిన గిన్నె నిమిషంలో ఆరిపోతుంది. జావ అంటిన గిన్నె అడుగు మధ్యాహ్నం దాకా తడిగానే ఉంటుంది. ఎడారి గడ్డిని పీకితే వేరు కనిపించదు, వేరు చుట్టూ తొడుగులా పట్టిన ఇసుక కనిపిస్తుంది. ఆ తొడుగును పట్టి ఉంచేది వేరు వదిలే బంక, సన్నటి వేరునూగు, ఈ సూక్ష్మజీవుల జిగురు.

ఎడారి అనగానే ఒంటెలు, సౌదీ, రాజస్థాన్ గుర్తొస్తాయి గానీ, అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలకు వెళితే హగరి ఒడ్డున ఇసుక మేటలు కనిపిస్తాయి. గాలివాటుకు ఇసుక కదిలి పొలాల మీదికి వస్తుంది. ఆ జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పలమనేరు వైపు అంత కరువు కాదు. కానీ పైరుకు కావలసింది ఏడాది మొత్తం లెక్క కాదు కదా. వెన్ను తీసే వేళ ఇరవై రోజులు చినుకు లేకపోతే ముందు పడిన వానంతా ఉత్తదే.

ఈ పెద్దాయనకు సరిగ్గా అలాగే జరిగింది. పైరు మోకాలెత్తు దాటి వెన్ను తీస్తున్నప్పుడు వాన ఆగింది. ట్యాంకరుతో తడపడానికి అప్పు పుట్టలేదు. ఎకరాకు రెండు మూటలు కూడా రాలేదు. ఆ ఏడు కూతురి హాస్టలు ఫీజు వాళ్లమ్మ చెవికమ్మలు కట్టాయి. కమ్మలు తాకట్టులోనే ఉన్నాయి. అందుకే గాలిగోపురం దగ్గర ఆయన రెండో ప్రశ్న సూటిగా వేశాడు.

"సరే. వాన నిలిచిపోతే నీ పురుగులు ఎన్ని దినాలు ఆపతాయి పైరును?"

ఆ పిల్ల వెంటనే జవాబు చెప్పలేదు. పరీక్షలో అయితే ఏదో ఒకటి రాసి ఉండేది.

"నీళ్లు లేకుండా పండించేటివి కావు నాయినా. ఉన్న తడిని కొంచెం జాస్తి దినాలు వాడుకునేదానికి సాయం చేస్తాయి. ఎన్ని దినాలని లెక్కగా చెప్పలేను. నేలను బట్టి ఉంటాది."

"నాలుగు దినాలు చాలు" అన్నాడాయన. "ఆ ఏడు ఇంకో నాలుగు దినాలు నిలిచుంటే వాన అందుకునుండు."

పెద్దాయనకు ఈ చదువు మీద నమ్మకం లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. నాలుగేళ్ల కిందట ఎవరో చెబితే ఒక కొట్టులో అజోస్పైరిల్లం పొట్లం కొన్నాడు. జొన్న, సజ్జ, రాగి లాంటి పైర్ల వేళ్ల దగ్గర ఉండి గాలిలోని నత్రజనిని అందించే బ్యాక్టీరియా అది. వేరు పెరగడానికీ తోడ్పడుతుంది. ఈ జాతి బ్యాక్టీరియా గురించి 1970లలో బ్రెజిల్‌లో యోహానా డోబరైనర్ చేసిన పని ప్రపంచమంతా పాకింది. ఆ పొట్లంతో ఆయన చేలో ఏమీ జరగలేదు. "నల్ల బూడిద అమ్మినారు" అని అప్పట్నుంచి ఆయన తీర్మానం.

మెట్లెక్కుతూ కూతురు ఆ కథంతా మళ్లీ చెప్పించుకుంది. పొట్లం కొట్టులో ఎక్కడుండింది? వాకిట్లో, యూరియా మూటల పక్కన, ఎండ పడేచోట. పొట్లం మీద తేదీ చూశావా? లేదు. విత్తనానికి మందు పట్టించినావా? ఆఁ, బూజు మందు పట్టించి, ఆ వెంటనే దీన్నీ కలిపేసినా. ఆరబెట్టింది ఎక్కడ? మిద్దె మీద, ఎండలో.

"అయితే నువ్వు విత్తింది పీనుగుల్ని నాయినా."

ఆ మాటకు పక్కన ఎక్కుతున్నవాళ్లు ఉలిక్కిపడి చూశారు.

ఇది ఆయన ఒక్కడి కథ కాదు. ఎరువు అంటే మూట అనే మన అలవాటులోనే చిక్కుంది. యూరియా ఎండలో ఉన్నా యూరియానే. ఇది ప్రాణమున్న సరుకు, పెరుగుతోడు లాంటిది. మరిగే పాలలో తోడువేస్తే పెరుగు కాదని ఏ ఇంట్లోనూ చెప్పక్కర్లేదు. అదే బుద్ధి పొట్లం దగ్గరికి వచ్చేసరికి పనిచేయదు. జీవన ఎరువులను 2006లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. పొడి రూపంలో ఉంటే గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు, ద్రవరూపంలో మిల్లీలీటరుకు 10 కోట్లు ఉండాలని ఆ నిబంధన. ఫ్యాక్టరీ గుమ్మం దాటేటప్పుడు ఉన్న కోట్లు రైతు చేతికొచ్చేసరికి ఎన్ని మిగిలాయో పొట్లం చూసి ఎవరూ చెప్పలేరు. బతికున్నదీ చచ్చినదీ ఒకే రంగు, ఒకే వాసన. రైతు మోసపోయానని అనుకోవడంలో తప్పేముంది?

వాడే పద్ధతి మాత్రం పెద్ద విద్య కాదు. చల్లార్చిన బెల్లం పాకంలో పొట్లం కలిపి, గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తాలి. బూజు మందు పట్టించేది ఉంటే అది ముందు, బ్యాక్టీరియా అన్నిటికన్నా చివర. ఈ చివరి ముక్క ఆయనకు కొట్టువాడు చెప్పలేదు. చెప్పాలని వాడికీ తెలిసి ఉండకపోవచ్చు.

"మన పక్క చేని వాడు జీవామృతం పోస్తాడే, అందులోనూ ఒక గుప్పెడు గెనిమ మన్ను వేస్తాడు. నేను ఎగతాళి చేస్తా ఉంటి" అన్నాడు మోకాళ్ల పర్వతం దగ్గరపడుతుండగా. సుభాష్ పాలేకర్ చెప్పిన లెక్క అది. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, రెండు వందల లీటర్ల నీళ్లు, రసాయనాలు తగలని నేల నుంచి గుప్పెడు మన్ను. ఆ గుప్పెడూ విత్తనమన్నమాట, బెల్లమూ పిండీ దానికి మేత. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఆ గుప్పెట్లో ఎవరున్నారో తెలియకపోవడం. గ్రాము మట్టిలో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు. మేలు చేసేవీ, ఊరకే ఉండేవీ, తెగులు తెచ్చేవీ అన్నీ అందులోనే. బెల్లం అందరికీ తీపే. వాటిలోంచి పనికొచ్చేదాన్ని ఏరిపట్టి, పేరు తెలుసుకుని, ప్రతిసారీ అదే ఇవ్వగలగడమే ప్రయోగశాల చేసే పని.

ఏరడం ఎలాగో ఆ పిల్ల చెప్పింది. గ్రాము మన్ను నీళ్లలో కలిపి, ఆ నీళ్లను పదింతలు పలచన చేసి, దాన్ని మళ్లీ పదింతలు చేసి, అలా ఐదారు సార్లు చేశాక ఒక బొట్టు గాజుపళ్లెంలోని మేత మీద పూస్తారు. రెండు మూడు రోజులకు చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. ఒక్కో చుక్క ఒక్కో సంతానం. వాటిని నీళ్లు అందకుండా బిగబట్టే రసాయనం కలిపిన ద్రవంలో వేస్తారు. సీసాలో నీళ్లుంటాయి గానీ బ్యాక్టీరియా తాగలేదు. సీసాలోనే కరువు పుట్టించడమన్నమాట. పొయ్యి పక్కనుండేంత వేడి పెడతారు. చాలావరకు అక్కడే పోతాయి. మిగిలినవాటిని రాగి గింజలకు పట్టించి మొలకెత్తిస్తారు.

"మిగిలినేటివి నాకీ. ఈ తొలకరికే చల్లుకుంటా."

"ఇయ్యకూడదు నాయినా. అవి ఎవరో ముందు తెలియాల. వీటిలో కొన్నిటి చుట్టాలు మనుషుల పుండ్లలో చేరి చీము పట్టిస్తాయి. అదీ ఇదీ తేలేదాకా కుండీలు దాటి బయటికి పంపరు."

పెద్దాయన నిరాశపడ్డాడు. మూట మోసింది ఆయన, ఫలం మాత్రం కుండీలకు. దర్శనమయ్యాక కిందికి దిగి, హాస్టలు గేటు దగ్గర తువ్వాలు మూట కూతురికిచ్చాడు. ఖాళీ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. జూన్‌లో ఆ పిల్ల సెలవులకు వస్తూ రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి, తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లె పరిశోధన స్థానం రూపొందించిన వకుళ రకం రాగి విత్తనం. రెండోది, పదిరోజుల కిందటి తేదీ వేసిన అజోస్పైరిల్లం పొట్లం. బస్సులో దాన్ని తడిగుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చింది. చేను మొత్తానికి వాడనిస్తానని ఆయన అనలేదు. నాలుగు సాళ్లు పట్టించినవి, పక్కనే నాలుగు సాళ్లు పట్టించనివి. గుర్తుకు చీరముక్కలు కట్టిన కట్టెలు. వాళ్లమ్మ బెల్లం పాకం తనే కాచి, చల్లారిందో లేదో నాలుగుసార్లు వేలు పెట్టి చూసింది.

ఆ ఏడు వాన బాగా పడింది. విత్తినాక పడింది, కలుపు తీసినాక పడింది, సరిగ్గా వెన్ను తీసే వేళకు మూడు రోజులు ముసురు పట్టింది. రాగి ఏపుగా పండింది. కోతలప్పుడు ఆయన కూతురికి ఫోన్ చేశాడు.

"ఎనిమిది సాళ్లూ ఒకే తీరుగా ఉండాయి పాపా. ఏం తేడా లేదు. నీ పురుగులు పనిచేసినాయో లేదో ఎట్ల తెలిసేది?"

"వాన పడింది కదా నాయినా. వాన పడితే తేడా పెద్దగా తెలీదు."

"అయితే వాన పడకూడదని మొక్కుకోవాల్నా?"

ఆ పిల్ల దగ్గర కూడా చెప్పడానికి పెద్ద కబురేమీ లేదు. నీళ్లు ఆపేసిన కుండీల్లో రెండు మిగతావాటికన్నా ఆలస్యంగా వాడాయి. రెండు కుండీలతో ఏదీ తేలదని, మళ్లీ మొదటినుంచి చేయమని గైడు అన్నారు. కొత్త మన్ను కావాలి. ఎండాకాలం నడిమధ్య తవ్వింది అయితే ఇంకా మంచిది.

కమ్మలు విడిపించారు. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం ఎండలో గెనిమ మీద నిలబడి ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. చేతిలో పార, భుజాన తువ్వాలు.

"పాపా, ఈసారి వెంపలి ఒకటే చాల్నా, పల్లేరుది కూడా తవ్వేదా?"